క్రిమినల్ కేసు తీర్పు చేతికొచ్చాక ఎలా చదవాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

"శిక్ష పడిందన్నారు, సాయంత్రానికల్లా మనిషి ఇంటికొచ్చేశాడు. ఇదేం శిక్ష?" "కేసు కొట్టేశారు కదా, కానిస్టేబుల్ దరఖాస్తులో కేసు లేదని రాయొచ్చా?" "తీర్పులో మావాడే కొట్టాడని రాసుంది, మళ్లీ విడుదలంటారు. ఏది నమ్మాలి?"

పాఠకులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవే. మూడింటికీ జవాబు తీర్పు కాగితంలోనే ఉంటుంది. చిక్కల్లా ఒక్కటే: తీర్పులో పోలీసుల మాట, సాక్షి మాట, ముద్దాయి లాయరు మాట, జడ్జి మాట ఒకే రకం అక్షరాల్లో, ఒకే రకం పేరాల్లో వస్తాయి. ఏ పేరాలో ఎవరు మాట్లాడుతున్నారో పట్టుకోగలిగితే సగానికి పైగా అర్థమైనట్టే. మన కింది కోర్టుల తీర్పులు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి, వెతుక్కోవాల్సిన ఇంగ్లీషు మాటలను కూడా తెలుగు లిపిలో ఇచ్చాను.

మీ కేసులో ఏం చేయాలో చెప్పాల్సింది మీ లాయరే. ఆయన్ని సరైన ప్రశ్న అడగడానికి ఇది పనికొస్తుంది.

1. ముందు, చేతిలో ఉన్న కాగితం తీర్పేనా చూసుకోండి

చాలామంది బెయిలు ఆర్డరునో, సాక్షి వాంగ్మూలం కాపీనో పట్టుకుని "తీర్పు" అంటారు. తీర్పు పైన "జడ్జ్‌మెంట్" అనే మాట, కింద జడ్జి సంతకం, తేదీ ఉంటాయి. బెయిలు ఆర్డరులో జడ్జి కేసు గురించి ఎంత రాసినా అది ఆ దశ వరకే. "బెయిలొచ్చింది, అంటే కేసులో పస లేదు" అనుకోవడం తప్పు, బెయిలు రాలేదు కాబట్టి శిక్ష ఖాయం అనుకోవడమూ తప్పే.

కాపీ సంపాదించే దారులు:

- ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్ లేదా మొబైల్ యాప్. 16 అక్షరాలు, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటే నేరుగా దొరుకుతుంది. లేకపోతే కేసు నంబరుతోనో, పోలీస్ స్టేషన్ పేరు, ఎఫ్ఐఆర్ నంబరుతోనో వెతకొచ్చు.
- 2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట, చీరాల లాంటి ఊళ్ల కేసులు కొత్త జిల్లా పేరు కింద కనబడక జనం కంగారు పడుతున్నారు. అలాంటప్పుడు పాత ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల కింద చూడండి.
- అప్పీలుకు, ఉద్యోగానికి కావాలంటే సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో కాపీ అప్లికేషన్ పెట్టాలి.
- జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. ఇది చట్టంలోనే ఉంది, అడిగి తీసుకోండి.

సర్టిఫైడ్ కాపీ మీద వేసే ముద్ర పారేసేది కాదు. అప్లికేషన్ పెట్టిన తేదీ, ఛార్జీలు కట్టమని పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ అందులో ఉంటాయి. కాపీ కోసం పట్టిన కాలాన్ని అప్పీలు గడువులోంచి తీసేస్తారు, ఆ లెక్కకు ఆధారం ఈ ముద్రే.

2. మొదటి పేజీ నుంచి నాలుగు విషయాలు రాసుకోండి

ఒక తెల్లకాగితం తీసుకుని ఇవి రాయండి: కేసు రకం, నేరం జరిగిన తేదీ, సెక్షన్లు, ముద్దాయిల వరస.

కేసు నంబరు ముందున్న అక్షరాలు కేసు ఏ కోర్టు స్థాయిలో ఉందో చెబుతాయి. సీసీ అంటే మేజిస్ట్రేటు కోర్టులో నడిచిన కేసు. ఎస్‌సీ అంటే సెషన్స్ కేసు: హత్య, హత్యాయత్నం లాంటివి. ఇక్కడ ఎస్‌సీ అంటే కులానికి సంబంధించిన కేసు అనుకునేవాళ్లు ఉన్నారు, అది వేరు. పీఆర్‌సీ అంటే సెషన్స్‌కు పంపే ముందు మేజిస్ట్రేటు దగ్గర ఉండే దశ. క్రైం నంబరు పోలీస్ స్టేషన్‌ది, కోర్టుది కాదు.

ముద్దాయిలను ఏ1, ఏ2 అని రాస్తారు. వరస నంబరుకూ నేరం తీవ్రతకూ సంబంధం లేదు.

నేరం జరిగిన తేదీ దగ్గర ఆగండి. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరమైతే శిక్ష ఐపీసీ, అంటే పాత భారతీయ శిక్షాస్మృతి ప్రకారమే, తీర్పు ఎప్పుడొచ్చినా సరే. ఆ రోజు నుంచి జరిగిన వాటికి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ వర్తిస్తుంది. కాబట్టి ఇంకా కొన్నేళ్లు రెండు రకాల సెక్షన్లూ కోర్టుల్లో పక్కపక్కనే కనిపిస్తాయి. ఎక్కువగా తగిలేవి:

- హత్య: ఐపీసీ 302, బీఎన్ఎస్ 103
- హత్యాయత్నం: 307, కొత్తది 109
- నిర్లక్ష్యం వల్ల మరణం: 304ఏ, కొత్తది 106
- మామూలు దెబ్బలు: 323, కొత్తది 115(2)
- ఆయుధంతో గాయం: 324, కొత్తది 118(1)
- భర్త, అత్తింటివారి వేధింపులు: 498ఏ, కొత్తది 85
- మోసం: 420, కొత్తది 318(4)
- అందరిదీ ఒకే ఉద్దేశం: 34, కొత్తది 3(5)

నంబరుతో పాటు కొన్నిచోట్ల లోపలి విషయమూ మారింది. నిర్లక్ష్యం వల్ల మరణానికి ఐపీసీలో గరిష్ఠం 2 ఏళ్లు, బీఎన్ఎస్‌లో 5 ఏళ్లు. మనిషిని మామూలు పనులు చేసుకోనీయకుండా 20 రోజులు బాధపెట్టిన గాయాన్ని ఐపీసీ "తీవ్ర గాయం" అంది, బీఎన్ఎస్ దాన్ని 15 రోజులకు తగ్గించింది. ఫోన్‌లో చూసిన కొత్త సెక్షన్ శిక్షను పాత కేసుకు తగిలించి టెన్షన్ పడకండి.

3. ఇక చివరి పేజీకి వెళ్లండి

కథ మొదటి నుంచి చదవడం మన అలవాటు. తీర్పుకు ఆ అలవాటు పనికిరాదు. "ఇన్ ది రిజల్ట్" అనే మాటతో మొదలయ్యే పేరా వెతకండి. సాక్షుల పట్టికకు కాస్త ముందుంటుంది. కోర్టు నిజంగా ఇచ్చిన ఆదేశం అదే.

ఒక ఊహా కేసు తీసుకుందాం. దర్శి వైపు ఒక ఊళ్లో 2022 మార్చిలో సాగర్ కాలువ నీళ్ల దగ్గర రాత్రిపూట తగాదా. ఒకాయనకు పార దెబ్బ తగిలి తల పగిలింది. మర్నాడు పెద్దమనుషులు కూర్చున్నారు, రాజీ కుదరలేదు, మధ్యాహ్నం ఫిర్యాదు ఇచ్చారు. ఇద్దరి మీద 307, 324 రెడ్ విత్ 34 (34తో కలిపి) కింద ఛార్జిషీటు. ఒంగోలులో అదనపు సెషన్స్ కోర్టు తీర్పు చివర్లో ఇలా ఉందనుకోండి:

"ఏ1, ఏ2 ఇద్దరూ 307 కింద నిర్దోషులు. ఏ1 324 కింద దోషి. ఏ2 324 రెడ్ విత్ 34 కింద నిర్దోషి. ఏ1కు ఏడాది కఠిన కారాగారం, 5,000 రూపాయల జరిమానా, కట్టకపోతే మరో నెల సాధారణ కారాగారం. జరిమానాలో 4,000 బాధితుడికి పరిహారం. రిమాండులో ఉన్న కాలం సెటాఫ్ (శిక్షలోంచి తీసివేత)."

దీన్ని చిన్న పట్టికలా రాసుకోండి: ఎడమవైపు ముద్దాయిలు, పైన సెక్షన్లు, ప్రతి గడిలో "దోషి" లేదా "నిర్దోషి". ఒకే మనిషి ఒక సెక్షన్‌లో నిర్దోషి, ఇంకో సెక్షన్‌లో దోషి కావచ్చు. ఊళ్లో ఒక వర్గం "కేసు పోయింది" అని, ఇంకో వర్గం "శిక్ష పడింది" అని చెప్పుకుంటున్నా ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. చెరో గడి చదివారు.

4. ఏ పేరాలో ఎవరు మాట్లాడుతున్నారు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఎరుపు, ఆకుపచ్చ పెన్నులుంటే మంచిది. తీర్పు సాధారణంగా ఈ వరసలో నడుస్తుంది.

పోలీసుల కథ. "ది కేస్ ఆఫ్ ది ప్రాసిక్యూషన్ ఇన్ బ్రీఫ్" అని మొదలవుతుంది. ఇందులో "ఏ1 పారతో తల మీద కొట్టాడు, ఏ2 పట్టుకున్నాడు" అని ఖాయంగా చెప్పినట్టే ఉంటుంది. కానీ ఇది ఛార్జిషీటు సారాంశం, జడ్జి ఇంకా ఏమీ తేల్చలేదు. "మావాడే కొట్టాడని కోర్టు రాసింది" అనే గొడవంతా ఈ పేరాను ఫొటో తీసి పంపడం వల్ల వస్తుంది. దీనికి ఎర్ర గీత పెట్టండి.

విచారణ నడిచిన తీరు. ఎవరెవరిని విచారించారు, ఏ కాగితాలు గుర్తించారు, సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 313 కింద ముద్దాయిని ప్రశ్నిస్తే ఏమన్నాడు. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఇది 351. ఈ దశలో ముద్దాయి ప్రమాణం చేసి చెప్పడు. త్వరగా దాటేయొచ్చు.

ఇరుపక్షాల వాదన. "ది లెర్నెడ్ కౌన్సెల్ కంటెండెడ్", "ఆర్గ్యూడ్", "సబ్మిటెడ్" అనే మాటలున్నంత మేరా అది లాయర్ల మాటే. పెద్ద కోర్టుల పాత తీర్పుల పేర్లు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. లాయరు చెప్పినంత మాత్రాన ఆ తీర్పు ఈ కేసుకు వర్తించినట్టు కాదు.

తేల్చాల్సిన ప్రశ్న. "పాయింట్ ఫర్ డిటర్మినేషన్" లేదా "పాయింట్ ఫర్ కన్సిడరేషన్". చట్టం ప్రకారం తీర్పులో ఇది ఉండాలి, దాని మీద నిర్ణయం, కారణాలు కూడా ఉండాలి. ఇక్కడి నుంచే అసలు తీర్పు మొదలు.

జడ్జి మాట. "ఐ ఫైండ్", "దిస్ కోర్ట్ ఈజ్ ఆఫ్ ది వ్యూ", "దేర్‌ఫోర్", "ప్రాసిక్యూషన్ ఫెయిల్డ్ టు ప్రూవ్" అనే మాటల కోసం చూడండి. వీటికి ఆకుపచ్చ గీత. ఒక్క జాగ్రత్త: జడ్జి కూడా ముందు సాక్షి చెప్పింది తిరిగి రాసి, తర్వాతే దాన్ని నమ్మాడో లేదో చెబుతారు. "పీడబ్ల్యూ1 డిపోజ్డ్ దట్" అని మొదలైతే అది సాక్షి మాట. నమ్మకం, అపనమ్మకం దాని తర్వాత రెండు మూడు పేరాల్లో దొరుకుతుంది.

గీతలు పూర్తయ్యాక ఆకుపచ్చవి మాత్రమే చదవండి. ఇరవై పేజీల తీర్పులో అవి మూడు నాలుగు పేజీలకు మించకపోవచ్చు.

5. వెనకున్న సాక్షుల పట్టికను వాడుకోండి

తీర్పు చివర "అపెండిక్స్ ఆఫ్ ఎవిడెన్స్" ఉంటుంది. పీడబ్ల్యూ అంటే ప్రాసిక్యూషన్ సాక్షి, డీడబ్ల్యూ అంటే ముద్దాయి తరఫు సాక్షి. ఎగ్జిబిట్ పీ1, పీ2 కాగితాలు. ఎంఓ అంటే పార, కత్తి, రక్తపు చొక్కా లాంటి వస్తువులు. అదే సాక్షికి ఛార్జిషీటులో ఎల్‌డబ్ల్యూ నంబరు ఒకటి, కోర్టులో పీడబ్ల్యూ నంబరు ఇంకొకటి ఉంటుంది. రెండూ కలిపేయకండి. ఛార్జిషీటులో ఉండి కోర్టుకు రాని సాక్షులు ఎవరో కూడా ఈ పోలికలోనే బయటపడతారు.

మన ఊహా కేసులో పీడబ్ల్యూ1 గాయపడిన మనిషి, 2 ఆయన భార్య, 3, 4 పక్క పొలం రైతులు, 5 వీఆర్వో, 6 డాక్టరు, 7 దర్యాప్తు అధికారి. ఒక్కొక్కరి దగ్గరా ఏం చూడాలి?

గాయపడిన సాక్షి మాటకు కోర్టులు బరువిస్తాయి, అక్కడ ఉన్నాడనడానికి గాయమే రుజువు కాబట్టి. భార్య అయినంత మాత్రాన ఆమె సాక్ష్యం చెల్లకుండా పోదు. "సొంతవాళ్ల సాక్ష్యం చెల్లదు" అనేది రచ్చబండ చట్టం. కోర్టు కాస్త జాగ్రత్తగా చూస్తుంది, అంతే.

పక్క పొలం వాళ్లు "మేమేమీ చూడలేదు" అని తిరిగిపోయారు. తీర్పులో "డిక్లేర్డ్ హోస్టైల్" అని ఉంటుంది. సాక్షి హోస్టైల్ అయితే అతని సాక్ష్యం మొత్తం చెరిగిపోదు, నమ్మదగ్గ ముక్కను కోర్టు తీసుకోవచ్చు. పొట్టు, గింజ వేరుచేయడం అని కోర్టులే తరచూ రాస్తుంటాయి. మరి వాళ్లు పోలీసులకు ముందు చెప్పిన మాట? అది సీఆర్‌పీసీ 161 స్టేట్‌మెంట్, కొత్త చట్టంలో 180. కోర్టులో చెప్పినదానికీ దానికీ తేడా చూపించడానికే అది పనికొస్తుంది, దాని మీద ఆధారపడి శిక్ష వేయలేరు. మన జిల్లాల్లో దెబ్బలాట కేసులు ఎక్కువగా ఇక్కడే కూలిపోతాయని నా అభిప్రాయం.

వీఆర్వో సాధారణంగా పంచనామా సాక్షి. ముద్దాయి పోలీసుల ముందు ఒప్పుకున్నాడని రాసిన కాగితంలో ఒప్పుకోలు భాగం చెల్లదు. "పార ఫలానా చోట దాచాను" అని చెప్పి, దాన్నిబట్టి వస్తువు దొరికితే ఆ సమాచారం మేరకే చెల్లుతుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 27, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 23లో కలిసింది. వీఆర్వో క్రాస్‌లో, అంటే ముద్దాయి లాయరు ప్రశ్నలకు జవాబుగా, "స్టేషన్‌లోనే సంతకం పెట్టాను" అన్నాడా చూడండి. ఆ ఒక్క వాక్యంతో రికవరీ మీద అనుమానం వస్తుంది.

డాక్టరు దగ్గర గాయం మామూలుదా తీవ్రమైనదా, చెప్పిన ఆయుధంతో తగిలే గాయమేనా అన్నది చూడాలి. 307 నిలబడాలంటే చంపే ఉద్దేశం కావాలి. ఒక్క దెబ్బ కొట్టి, మళ్లీ కొట్టే వీలున్నా ఆగిపోయాడంటే ఆ ఉద్దేశం కనబడలేదని కోర్టు అనొచ్చు. మన కేసులో 307 పోయి 324 మిగలడానికి కారణం అదే. పెద్ద అభియోగం మీద విచారించి అందులో ఇమిడిన చిన్న నేరానికి శిక్ష వేయడం చట్టంలో ఉన్నదే.

ఫిర్యాదు ఆలస్యం గురించి ఒక మాట. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ వల్ల ఆలస్యమైందని సాక్షులు చెబితే, నమ్మదగ్గట్టుంటే కోర్టులు ఒప్పుకుంటాయి. కారణమే చెప్పకపోతే "కథ అల్లడానికి సమయం దొరికింది" అనే వాదనకు బలం వస్తుంది.

6. జడ్జి వాడిన కొలబద్ద ఏది?

క్రిమినల్ కేసులో నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. "బియాండ్ రీజనబుల్ డౌట్", అంటే సహేతుకమైన అనుమానానికి తావు లేకుండా. ప్రతి చిన్న తేడానూ అనుమానం అనరు. రాత్రి ఎనిమిదా ఎనిమిదిన్నరా అన్నదానికి కేసు పోదు, లైటు లేని చోట కొట్టిన మనిషిని గుర్తుపట్టగలిగారా అన్నదానికి పోవచ్చు.

చూసిన సాక్షి లేని కేసుల్లో 1984 నాటి శరద్ బిర్ధీచంద్ సారడా తీర్పు పేరు తప్పకుండా కనిపిస్తుంది. అందులో సుప్రీంకోర్టు చెప్పిన మాట క్లుప్తంగా ఇది: ప్రతి పరిస్థితీ రుజువు కావాలి, అవన్నీ ముద్దాయి వైపే చూపించాలి, వేరే వివరణకు చోటు ఉండకూడదు, గొలుసు తెగకూడదు. ఇలాంటి తీర్పు చదివేటప్పుడు ఏ లింకు తెగిందని జడ్జి అన్నారో పేరా నంబరుతో రాసుకోండి.

34 సెక్షన్‌లో ఒకే ఉద్దేశం ఉండాలి, చేతితో కొట్టకపోయినా శిక్ష పడొచ్చు. 149లో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది చట్టవిరుద్ధ గుంపు ఉండాలి. మన కేసులో ఏ2 పట్టుకున్నాడని ఫిర్యాదులో లేదు, తర్వాత చేర్చి చెప్పారు. అందుకే అతనికి సంశయలాభం, అంటే బెనిఫిట్ ఆఫ్ డౌట్ దక్కింది.

చెక్కు బౌన్సు కేసుల్లో లెక్క తిరగబడుతుంది. చెక్కు మీద సంతకం తనదేనని తేలితే, బాకీ కోసమే ఇచ్చినట్టు కోర్టు అనుకుంటుంది. కాదని చూపించాల్సింది ముద్దాయి. అయితే అతను బియాండ్ రీజనబుల్ డౌట్ స్థాయిలో చూపించనక్కర్లేదు, ఎక్కువ నమ్మదగ్గట్టుంటే చాలు.

జాతీయ రహదారి 16 మీద ప్రమాదాల కేసులు మన రెండు జిల్లాల్లోనూ ఎక్కువగా చూస్తుంటాం, అందుకే ఇది చెప్పాలి. "హై స్పీడ్" అన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. డ్రైవరు విడుదలయ్యాడని మృతుడి కుటుంబం మోటారు ప్రమాద నష్టపరిహారం కేసు వదిలేసుకోకూడదు. అక్కడి కొలబద్ద వేరు, ఇంత గట్టి రుజువు అడగరు.

7. కేసు ఎలా ముగిసిందో సరైన పేరుతో రాసుకోండి

ఈ-కోర్ట్స్‌లో "నేచర్ ఆఫ్ డిస్పోజల్" అనే గడి ఉంటుంది. తీర్పుతో దాన్ని సరిపోల్చండి.

- డిశ్చార్జి: విచారణ మొదలుకాకముందే, అభియోగం మోపడానికి ఆధారం లేదని వదిలేయడం.
- క్వాష్: హైకోర్టు కేసునే రద్దు చేయడం. సీఆర్‌పీసీ 482, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 528.
- నిర్దోషిగా విడుదల: విచారణ జరిగాక. "క్లీన్"గానా, సంశయలాభంతోనా, సాక్షులు తిరిగిపోవడం వల్లా అన్నది కారణాల్లో చూడాలి.
- రాజీ: లోక్ అదాలత్‌లోనో, కోర్టులోనో. చట్టం ఒప్పుకునే సెక్షన్లలో రాజీ పడితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ఐపీసీ 498ఏలో కోర్టు అనుమతితో రాజీకి ఆంధ్రప్రదేశ్ సవరణ ఉంది, చాలా రాష్ట్రాల్లో లేదు.
- నేరం ఒప్పుకుని జరిమానా కట్టడం: ఇది శిక్షే.

చివరిది జాగ్రత్తగా చూడండి. "జరిమానా కట్టేస్తే ఈరోజే అయిపోతుంది" అనగానే తాగి బండి నడిపిన కేసులోనో, చిన్న గొడవ కేసులోనో తల ఊపేసి వచ్చిన కుర్రాళ్లు, తర్వాత అది రాజీ అనుకుంటారు. కాగితం మీద అది "కన్విక్టెడ్".

8. శిక్ష లెక్క కట్టడం

మన ఏ1కు ఏడాది. రిమాండులో 22 రోజులు ఉన్నాడనుకుంటే అది తీసేస్తారు. జరిమానా కట్టకపోతే పడే నెలలో సెటాఫ్ ఉండదు, అది అదనం.

రెండు మూడు సెక్షన్లలో శిక్ష పడితే "కాన్కరెంట్లీ" అన్న మాట ఉందా వెతకండి. ఉంటే అన్నీ కలిసి నడుస్తాయి, అన్నిటికంటే పెద్దది అనుభవిస్తే చాలు. "రెండేళ్లు, మూడేళ్లు, కలిపి ఐదేళ్లు" అని పేపర్లో వచ్చే లెక్కలు చాలాసార్లు ఇక్కడే తప్పుతాయి.

శిక్ష పడిన మనిషి సాయంత్రం ఇంటికి ఎలా వచ్చాడు? శిక్ష మూడేళ్లకు మించకుండా, అప్పటికే బెయిలు మీద ఉంటే, అప్పీలు వేసుకోవడానికి వీలుగా అదే కోర్టు శిక్షను తాత్కాలికంగా నిలిపి బెయిలివ్వొచ్చు. శిక్ష రద్దు కాలేదు, ఆగింది.

యావజ్జీవం అంటే 14 ఏళ్లు కాదు. జీవితాంతమే. మరణశిక్ష కూడా వేయదగ్గ నేరాల్లో యావజ్జీవం పడితే 14 ఏళ్లు నిండకుండా వదలకూడదని చట్టం చెప్పింది. జనం దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు.

మరణశిక్ష తీర్పు హైకోర్టు ఖరారు చేసేవరకు అమలు కాదు. 2021 మే నెలలో ఒంగోలు కోర్టు హైవే మీద లారీ సిబ్బందిని చంపిన ముఠా కేసులో 12 మందికి మరణశిక్ష వేసినప్పుడు కూడా నియమం ఇదే.

9. అప్పీలు గడువు రాసి గోడకు అంటించండి

- మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు: 30 రోజులు.
- సెషన్స్ కోర్టు శిక్ష మీద అమరావతిలోని హైకోర్టుకు: 60 రోజులు (మరణశిక్షకైతే 30). పాత సీఆర్‌పీసీ కింద తీర్పు అసిస్టెంట్ సెషన్స్ జడ్జిదైతే, శిక్ష ఏడేళ్లకు మించకపోతే అప్పీలు జిల్లా సెషన్స్ కోర్టుకే; కొత్త బీఎన్ఎస్ఎస్‌లో ఆ జడ్జి హోదా లేదు.
- బాధితుడు కూడా అప్పీలు వేయొచ్చు: ముద్దాయి విడుదలైనా, చిన్న సెక్షన్ కిందే శిక్ష పడినా, పరిహారం చాలకపోయినా. శిక్ష మాత్రమే పెంచమని వేయలేడు.

విడుదల మీద వేసే అప్పీలు అంత తేలిక కాదు. రెండు రకాలుగా అనుకోవడానికి వీలుంటే కింది కోర్టు ఇచ్చిన విడుదలను మార్చకూడదని సుప్రీంకోర్టు 2007లో చంద్రప్ప కేసులో చెప్పింది. అలాగని మొదటి తీర్పే ఆఖరిదీ కాదు. 1985 జూలై 17న జరిగిన కారంచేడు దళితుల హత్యల కేసులో కింది కోర్టు శిక్షలు వేసింది, హైకోర్టు వాటిని కొట్టేసింది, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ శిక్షలు ఖరారు చేసింది.

లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు జిల్లా కోర్టు దగ్గరే ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది. ఫోన్ నంబరు 15100.

10. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే దారి

పేపర్ వార్తను తీర్పు అనుకోవడం. వార్తలో సెక్షన్ తప్పు రావచ్చు, ముద్దాయి పేరు మారొచ్చు. కాపీ చూడందే మాట్లాడకండి.

"హైకోర్టు తీర్పు ఉంది కదా, మాకూ వర్తిస్తుంది" అనడం. ముందు ఆ కేసులో జరిగిన విషయాలు మీ కేసుకు దగ్గరగా ఉన్నాయా చూడండి. దారిలో అన్న మాటకూ, నిర్ణయానికి ఆధారమైన మాటకూ తేడా ఉంది. ఆ తీర్పును తర్వాత సుప్రీంకోర్టు మార్చిందేమో లాయరును అడగండి.

తీర్పు మొత్తాన్ని వాట్సాప్‌లో పంపడం. లైంగిక నేరాల్లో, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసుల్లో బాధితుల పేరు, గుర్తించే వివరాలు బయటపెట్టడం నేరం. కాపీలో పొరపాటున పేరు ఉన్నా మీరు పంపకూడదు.

ఉద్యోగ దరఖాస్తులో దాచడం. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాన్నిబట్టి, కేసు వివరాలు దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. విడుదలైనా సరే, నిజం చెప్పినా సరే, ముఖ్యంగా పోలీసు ఉద్యోగానికి, విడుదల ఏ కారణంతో వచ్చిందో చూసే హక్కు అధికారులకు ఉంది. దరఖాస్తులో "ఎప్పుడైనా కేసు నమోదైందా" అని అడిగారా, "శిక్ష పడిందా" అని అడిగారా అన్నది రెండుసార్లు చదివి, అడిగినదానికి జవాబు రాయండి.

లాయరు దగ్గరకు వెళ్లే ముందు సంచిలో ఉండాల్సినవి:

- సర్టిఫైడ్ కాపీ, దాని మీద ముద్ర స్పష్టంగా కనబడేలా
- ముద్దాయిలు, సెక్షన్లు రాసుకున్న పట్టిక
- ఆకుపచ్చ గీత పెట్టిన పేరాల నంబర్లు
- ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు, గాయాల సర్టిఫికెట్ కాపీలు
- సాక్షుల వాంగ్మూలాల కాపీలు, క్రాస్‌తో సహా
- రిమాండులో ఉన్న తేదీలు
- అప్పీలు ఆఖరి తేదీ, పెద్ద అక్షరాల్లో